పురిటి గదిలో రౌటర్లు

పాలు పొంగేలోపు వెనక గదిలోకి వెళ్ళి రెండు కమాండ్లు కొట్టి రావచ్చని ఆమని లెక్క. ఆ లెక్క తప్పిన రోజున పాలు పొయ్యి పాలయ్యేవి. ఆ రోజు కూడా అదే జరిగింది.

“ఆమనీ, పాలు,” అంది పుణ్యవతి.

ఆవిడ గొంతు పెంచలేదు. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాలుగేళ్ళలో అత్తగారు గొంతు పెంచగా ఆమని ఎన్నడూ వినలేదు. పెంచితే బాగుండునని మాత్రం అప్పుడప్పుడూ అనిపించేది. పరుగున వచ్చి గ్యాసు కట్టేసి, పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది.

హాల్లో దివాను మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న రామ్మోహనరావు తల ఎత్తకుండానే అన్నాడు. “పిండిమర ఇవాళ పెందలాడే మొదలుపెట్టినట్టున్నావమ్మా.”

“ఇంకాసేపట్లో ఆపేస్తాను మావయ్యగారూ.”

పిండిమర అంటే రెండు పాత రౌటర్లు. ఒక చోటి కంప్యూటర్లు ఇంకో చోటి కంప్యూటర్లతో మాట్లాడాలంటే మధ్యలో దారి చూపించే ఇనప పెట్టెలు. మాదాపూర్‌లో ఆమని భర్త శ్యామ్ పనిచేసే ఆఫీసులో కొత్తవి వచ్చి వీటిని పక్కన పడేస్తే, అడిగి, సంతకం పెట్టి, ఆటోలో వేసుకుని లింగంపల్లి తీసుకొచ్చాడు. వాటికి చోటు వెతుకుతుంటే ఆమని కన్ను అత్తగారి ఇనప స్టాండు మీద పడింది. ఒకప్పుడు పప్పుల డబ్బాలు వరసగా కొలువుతీరిన స్టాండది. వంటింట్లో అలమారలు వచ్చాక పెరట్లో తుప్పు పడుతోంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, తమ పడకగదిలో గోడకి చేర్చింది. పై అరలో ఒక పెట్టె, కింది అరలో ఇంకొకటి, పక్కన కంప్యూటరు, మధ్యలో నీలం తీగలు. పై పెట్టెకి తన పుట్టిల్లు తెనాలి అని, కింది దానికి లింగంపల్లి అని పేర్లు పెట్టుకుంది.

“ఇంతకీ ఇవి రెండూ ఏం మాట్లాడుకుంటాయి?” అని ఒకసారి పుణ్యవతి అడిగింది.

“లింగంపల్లి ‘ఉన్నావా’ అని అడుగుతుందత్తయ్యా. తెనాలి ‘ఉన్నాను’ అంటుంది. దాన్ని పింగ్ అంటారు.”

“ఆ మాట కోసం ఇంత రొదా?” అని ఆవిడ బియ్యం ఏరుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ మాట కోసమే మరి. కొండాపూర్ దాటి మాదాపూర్ వెళ్ళే దారిలో రాళ్ళగుట్టల మధ్య గుండ్రటి అద్దాల మేడ లేచి ఏడాది కూడా కాలేదు. అందులో ఒక కంపెనీవాళ్ళు ఆమనిని పిలిచి మాట్లాడారు. నెట్‌వర్కింగ్ పరీక్ష పాసై, నెలాఖరులోగా ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. బేగంపేటలోని పరీక్షా కేంద్రంలో తేదీ కూడా ఖాయమైంది.

ఆమనికి ఇది మూడో ప్రయత్నం. మొదటిసారి ఎంసీయేలో సీటు వచ్చినప్పుడు అత్తగారికి ఆపరేషనైంది. రెండోసారి చందానగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తే, చేరవలసిన వారంలోనే మావగారు బాత్‌రూమ్‌లో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆమనిని ఎవరూ మానుకోమనలేదు. అలాగని వెళ్ళమనీ అనలేదు. రెండుసార్లూ ఆమనే పమిట దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఈసారి మాత్రం అన్నీ చూసుకునే తేదీ పెట్టుకుంది. ఆడబిడ్డ రసజ్ఞ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. వెనకే బాత్‌రూమూ పెరటి తలుపూ ఉన్నది ఆమని పడకగదికే కాబట్టి పురుడు అందులోనే పోయాలి. డాక్టరు చెప్పిన రోజుకి ముందే పరీక్ష అయిపోతుంది. అప్పుడు పెట్టెలు కట్టేసి గది ఖాళీ చేస్తానని ఆమని మాటిచ్చింది.

కడుపులో బిడ్డకి ఈ ఏర్పాట్లన్నీ ఎవరు చెప్పారు? మూడు వారాలు ముందే తొందరపడింది.

* * *

ఆడపిల్ల. బరువు కాస్త తక్కువైనా ఆరోగ్యంగా ఉందన్నారు. మర్నాడు ఆసుపత్రి నుంచి తల్లినీ బిడ్డనీ ఇంటికి తీసుకొస్తారనగా, పుణ్యవతి వెనక గది గుమ్మంలో నిలబడి స్టాండు వంక చూస్తోంది. ఆమని మంచం మీద దుప్పటి మారుస్తోంది.

“కంప్యూటరు హాల్లోకి మార్చేస్తానత్తయ్యా. ఈ రెండు పెట్టెలే... ఎక్కడ పెట్టాలో తోచడం లేదు. హాల్లో మావయ్యగారి దివాను, టీవీ. రేపటి నుంచి మా పక్కలు కూడా అక్కడే. వచ్చేపోయేవాళ్ళు తీగలు తొక్కితే తెగిపోతాయి.”

“పసిపిల్ల ఉండే గదిలో ఈ రొదేమిటి ఆమనీ? నలుగురు చూస్తే ఏమంటారు?”

ఇంటి యజమానురాలు భూలక్ష్మి వేపమండలు పట్టుకుని పెరటి వైపు నుంచి లోపలికి వచ్చింది. ఆమెది ఈ ఊరే. ఇక్కడ పొలాలున్న రోజుల నుంచి ఎరుగుదును అంటుంది ప్రతి రాయినీ.

“ఏందమ్మా పుణ్యవతమ్మా, గుమ్మం కాడనే నిలబడ్డవ్?”

“ఈ సామాను చూడు భూలక్ష్మీ. పురిటి గదిలో పెట్టాల్సినవేనా ఇవి?”

భూలక్ష్మి పై పెట్టెని వేలి మెటికతో కొట్టింది. టంగుమంది. “ఇనుమే గద ఇది?”

“ఇనుమే పిన్నిగారూ,” అంది ఆమని.

“మరింకేంది. గాలి గీలి సోకకుండ బాలింత మంచం కింద ఇనుప ముక్క పెడ్తం గద. నీ కోడలు ముక్క గాదు, బీరువంత ఇనుము పెట్టింది. ఇగ ఏ దయ్యం వస్తది జెప్పు? ఊకె పరేషాన్ గాకు.” వేపమండ గుమ్మానికి గుచ్చుతూ అంది. “అయినా గా మోత వింటే దయ్యమే గాదు, చుట్టపోళ్ళు గూడ జల్ది లేచిపోతరు.”

పుణ్యవతి నవ్వలేదు కానీ పెట్టెలు తీయమని మళ్ళీ అనలేదు. శాస్త్రం ఒప్పుకున్నాక ఆవిడ మనిషి మాటకి అడ్డు చెప్పదు. కాకపోతే ఇంకో శాస్త్రం తీసింది.

“పురిటి గది నేను చూసుకుంటాను. వంటిల్లు నువ్వు చూసుకో. ఆ గదిలో అడుగుపెట్టినవాళ్ళు తలస్నానం చేయందే వంటింటి గడప తొక్కకూడదు. నీ జుట్టుకి, మన ఇంట్లో వచ్చే నీళ్ళకి, రోజుకి ఎన్ని తలస్నానాలు చేయగలవు? పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా నువ్వా గదిలోకి రాకు.”

శుద్ధి అయిన మర్నాడే పరీక్ష.

దానికి ఉపాయం శ్యామ్ చెప్పాడు. కంప్యూటరుని వంటింటి పక్క నడవలో ఒక బల్ల మీద పెట్టి, పొడుగాటి తీగ ఒకటి తలుపు కింద నుంచి రౌటర్ దాకా లాగాడు. గదిలో అడుగుపెట్టకుండానే ఆమని తన పని తాను చేసుకోవచ్చు. పుణ్యవతి ఆ తీగని చూసి ఆగిపోయింది.

“ఇది లోపలి నుంచి వస్తోంది. దీని వెంట మైల రాదూ?”

“కరెంటు తీగ కూడా లోపలి నుంచే వస్తోంది. ఫ్యాను కట్టేద్దామా?” అన్నాడు రామ్మోహనరావు.

“కరెంటు వేరు. ఇందులో కబుర్లు వస్తాయని ఆమనే చెప్పింది. కబురుకి మైల లేదా? మా పెదనాన్న పోయారని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం చదివినప్పటి నుంచే కదండీ మైల పట్టాం.”

రామ్మోహనరావు పేపరు తిప్పాడు. “మీ అత్తయ్య లాయరు కావాల్సిన మనిషమ్మా.”

“చావు కబుర్లూ పుట్టుక కబుర్లూ ఇందులో రావత్తయ్యా. ఉన్నావా అంటే ఉన్నాను అంటుంది. అంతే,” అంది ఆమని.

“అంతే అయితే సరే. అంతకుమించి మాట్లాడితే తీసేయాలి,” అని తీర్పు చెప్పింది పుణ్యవతి.

* * *

తీగ ఉంది. తీగ కొసన కూర్చునే తీరికే లేదు. బాలింతకి వేరే పథ్యం, వెల్లుల్లి కారం, పాత బియ్యపు అన్నం. పిల్లని చూడ్డానికి వచ్చేవాళ్ళకి కాఫీలు, ఫలహారాలు. రసజ్ఞ అత్తవారు పొద్దున దిగి సాయంత్రం వెళ్ళారు. వాళ్ళకి రెండు కూరలు, పులుసు, పరమాన్నం. ఆమని గరిటె పట్టుకునే వచ్చి కంప్యూటరు ముందు నిలబడి నాలుగు అక్షరాలు కొట్టి, తాళింపు మాడిన వాసనకి మళ్ళీ పరిగెత్తేది.

పైగా ప్రతి పాఠానికీ తీగలు మార్చాలి. ఈ పెట్టెలోది తీసి ఆ పెట్టెలో పెట్టాలి. ఆ పని మీటలు నొక్కితే అయ్యేది కాదు. తలుపు అవతలి నుంచి ఆ సంగతి కనిపెట్టింది రసజ్ఞే.

“వదినా, మళ్ళీ ఆగిపోయావేం?”

“కింది పెట్టెలో నీలం తీగ పక్క కన్నంలోకి మారాలి రసజ్ఞా. పోనీలే.”

“నేను మారుస్తానుండు. ఇక్కడ నాకేం పని? తినడం, పడుకోవడం, ఇదిగో దీనికి పాలివ్వడం. ఇదా? ఇటువైపుదా?”

“ఎడమ వైపుది. మెల్లగా.”

“అయిపోయింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. చూడు, నీ మేనకోడలు కూడా కళ్ళు తెరిచింది.”

అలా ఒకటి రెండుసార్లు బాగానే సాగింది. ఆదివారం మధ్యాహ్నం పుణ్యవతి గుడ్డలు ఆరేసి పెరటి తలుపులోంచి వచ్చేసరికి, రసజ్ఞ నేల మీద గొంతుక్కూర్చుని స్టాండు వెనక తీగ వెతుకుతోంది.

పుణ్యవతి కూతుర్ని లేవదీసి మంచం మీద పడుకోబెట్టింది. తరవాత నడవ వైపు తలుపు తీసింది. గుమ్మం ఇవతల ఆమని, హాల్లో శ్యామ్, రామ్మోహనరావు.

“పచ్చి బాలింతరాలు. కుట్లైనా ఆరలేదు. దాన్ని వంగోబెట్టి పని చేయిస్తున్నావా ఆమనీ?”

“అమ్మా, వదిన వద్దంటూనే ఉంది. నేనే...”

“నువ్వు మాట్లాడకు.”

ఆమని తల వంచుకుంది. తప్పు తనదే. కుట్ల సంగతి తనకి గుర్తుకు రాకపోవడమేమిటి? కానీ సరిగ్గా అప్పుడే శ్యామ్ సర్దిచెప్పబోయాడు.

“పోనీ ఆమనీ, ఈసారికి వాయిదా వేసేసుకో. పరీక్షదేముంది, మళ్ళీ వస్తుంది. అమ్మకీ ఇబ్బంది, నీకూ...”

ఆమని తల ఎత్తింది.

“వస్తుందండీ. ఎంసీయే వచ్చింది. చందానగర్ ఉద్యోగం వచ్చింది. అవన్నీ వస్తూనే ఉన్నాయి. నేనే వెళ్ళలేకపోతున్నాను.”

లోపల రౌటర్ రొద సాగుతూనే ఉంది.

“అప్పుడు నిన్ను ఆగిపొమ్మని నేనన్నానా?” అంది పుణ్యవతి.

“అనలేదత్తయ్యా. మీరు మంచంలో ఉన్నారు, అనడానికి ఓపిక కూడా లేదు. ఎవరో ఒకరు వంటింట్లో ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. రసజ్ఞకి పురుడని సెలవు. మావయ్యగారికి రిటైరయ్యారని సెలవు. మీ అబ్బాయికి ఆదివారమని సెలవు. నాకు ఏమని చెప్పుకుంటే సెలవు దొరుకుతుందో మీరే చెప్పండి.”

ఆమని గొంతు కూడా పెరగలేదు. అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్యే అది. పుణ్యవతి తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది. ఆ సాయంత్రమంతా ఆవిడ ఒక్క మాటే మాట్లాడింది, వెల్లుల్లి కారం అయిపోయిందని.

* * *

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. పిల్లకి నీళ్ళు పోసే అంజమ్మ తన పని ముగించుకుని గొడుగేసుకుని వెళ్ళిపోయింది. ఇక సాంబ్రాణి వేయడం పుణ్యవతి వంతు. జల్లు లోపలికి కొడుతోందని కిటికీ రెక్కలు మూసింది. మట్టి మూకుడులో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, పిల్ల జుట్టుకి పొగ పట్టించి పడుకోబెట్టింది. మూకుడు మంచం దగ్గరుంటే ప్రమాదమని దూరంగా, గోడ పక్కకి జరిపింది. గోడ పక్కనే స్టాండు. రసజ్ఞ స్నానానికి వెళ్ళింది. పుణ్యవతి పెరట్లో చూరు కిందకి గుడ్డలు లాగుతోంది.

నడవలో ఆమని పప్పు పొయ్యి మీద పడేసి కంప్యూటరు ముందు కూర్చుంది. నిన్నటి మాటల తరవాత చదువు మీద మనసు లేకపోయినా, చేతులు వాటంతటవే కొడుతున్నాయి. ఎందుకో తల తిప్పి చూసింది. ఓరగా ఉన్న తలుపు సందులోంచి పై పెట్టె కనిపించింది. దాని పక్క కన్నాల్లోంచి తెల్లటి పొగ, ఎవరో లోపల కూర్చుని చుట్ట కాలుస్తున్నట్టు, ధారలు ధారలుగా బయటికి వస్తోంది. దాని కిందుగా మంచం. మంచం మీద పిల్ల.

మడి, మైల, శాస్త్రం ఏవీ ఆమనికి గుర్తు లేవు. తలుపు తోసుకుని వెళ్ళి ఒక చేత్తో పిల్లని గుండెకి హత్తుకుని, ఇంకో చేత్తో గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

“అత్తయ్యా, కాలిపోతోంది.”

పుణ్యవతి తడి గుడ్డలతో పరిగెత్తుకొచ్చింది. వెనకాలే హాల్లోంచి రామ్మోహనరావు కుంటుకుంటూ వచ్చాడు. బాత్‌రూమ్ తలుపు తీసి రసజ్ఞ నిలబడిపోయింది. పెట్టెలో ఫ్యాను ఆగింది. పెట్టె రొద ఆగింది. పెట్టెలోంచి పొగా ఆగింది. మూకుడులోంచి మాత్రం సన్నగా, తీరికగా, సాంబ్రాణి పొగ లేస్తూనే ఉంది.

రామ్మోహనరావు ముక్కు ఎగబీల్చాడు. “కాలే వాసన కాదే ఇది. గుడి వాసన.”

పుణ్యవతి మూకుడు వంక, పెట్టె వంక చూసింది. పెట్టెకి ఒక పక్క గాలి పీల్చుకునే కన్నాలు, రెండో పక్క వదిలే కన్నాలు. ఆవిడ మూకుడు సరిగ్గా పీల్చే పక్కనే పెట్టింది.

“నీ తెనాలికి సాంబ్రాణి వేశానన్నమాట,” అంది నెమ్మదిగా.

మొదట నవ్వింది రసజ్ఞ. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. రామ్మోహనరావు నవ్వాడు. ఆమని మాత్రం నవ్వుతూనే పిల్ల నుదుటి మీద చెంప ఆనించి ఏడ్చేసింది. పిల్ల ఇవేవీ పట్టించుకోకుండా ఆవులించింది.

అంతలో పప్పు మాడుతున్న వాసన. ఆమని పిల్లని రసజ్ఞ చేతికిచ్చి వంటింటి వైపు కదిలింది. గుమ్మంలో పుణ్యవతి అడ్డంగా నిలబడి ఉంది.

“ఎక్కడికి?”

“పప్పు అత్తయ్యా...”

“పురిటి గది తొక్కావు. పిల్లని ఎత్తుకున్నావు. శుద్ధి అయ్యేదాకా వంటింటి గడప దాటడానికి వీల్లేదు.”

ఆమనికి కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరలేదు. నిన్నటి మాటలకి ఇది శిక్ష కాబోలు అనుకుంది. “తలస్నానం చేసి వస్తాను.”

“నీళ్ళు లేవు.”

ఆమని పెరట్లోకి చూసింది. ట్యాంకరు నిన్ననే వచ్చి వెళ్ళింది. డ్రమ్ములు అంచుల దాకా నిండి, పైన చినుకులు పడుతున్నాయి. రామ్మోహనరావు కూడా అటే చూసి “నీళ్ళా...” అనబోయి, భార్య ముఖం చూసి, “అవునవును, లేవు,” అన్నాడు.

“మరి వంటెవరు చేస్తారు?”

“నీ కంటే ముందు ఈ ఇంట్లో ఎవరు చేసేవారు?”

“మీరూ ఆ గదిలోనే కదత్తయ్యా ఉన్నారు.”

“నేను తలస్నానం చేస్తాను.”

“నీళ్ళు లేవన్నారు.”

“నాకు సరిపడా ఉన్నాయి. ఇక రసజ్ఞనీ పిల్లనీ నువ్వే కనిపెట్టుకుని ఉండు. పొద్దున అంజమ్మ ఎలాగూ వస్తుంది. పథ్యం గుమ్మం దగ్గర పెడతాను. దానికి కావలసింది ఒక మనిషి తోడు, అంతే. తక్కిన పొద్దంతా...” ఆవిడ స్టాండు వైపు గడ్డం చూపించింది. “నువ్వు ప్లగ్గు పీకేస్తే అందులో రాసుకున్నదేమైనా పోయిందా?”

“పోయిందత్తయ్యా. దాచుకోలేదు.”

“మళ్ళీ రాసుకోవాలంటే ఎంతసేపు పడుతుంది?”

“ఒక పూట.”

“అయితే కూర్చో మరి,” అని మాడిన పప్పు సంగతి చూడ్డానికి వెళ్ళిపోయింది పుణ్యవతి.

* * *

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ తడి జుట్టు ఆరబోసుకుని నడవలో, గుమ్మానికి ఇవతల పీట వేసుకుని కూర్చుంది. అవతల ఆమని, ఒడిలో పిల్ల. రసజ్ఞ నిద్రపోతోంది.

“రసజ్ఞ పుట్టేనాటికి మా అమ్మ లేదు,” అంది పుణ్యవతి, ఎవరికో చెబుతున్నట్టు. “అందుకని పురుడు అత్తవారింట్లోనే. పూటకి ఇరవై విస్తళ్ళు లేచే ఇల్లు. నన్ను వెనక గదిలో పెట్టారు. కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారు. ఎవరూ ముట్టుకోరు. మొదటి రోజు ఏడుపొచ్చింది. రెండో రోజు తెలిసొచ్చింది. ముట్టుకోరంటే పని చెప్పరన్నమాట.”

ఆమని పిల్లని ఒడిలో సర్దుకుంది.

“మూల ఒక ట్రంకు పెట్టెలో ఎవరివో పాత వారపత్రికలుండేవి. పిల్లని ఒళ్ళో వేసుకుని అన్నీ చదివేశాను. అంతకుముందూ చదవలేదు, ఆ తరవాతా చదవలేదు. ఒక సీరియల్ నవల ఉండేది. ఆ అమ్మాయికి పెళ్ళి కుదరబోతోంది. చివరి భాగం తీసేసరికి పదకొండో రోజు తెల్లారింది. శుద్ధైపోయింది, లేచి వంటింట్లోకి రమ్మన్నారు.”

“తరవాత చదవలేదా?”

“ఎక్కడ? ఆ అమ్మాయికి పెళ్ళయిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.” పుణ్యవతి జుట్టు చిక్కు తీసుకుంది. “నాది చాదస్తమని మీరంతా నవ్వుకుంటారు. నాకు తెలుసు. కానీ అత్తవారింట్లో నాకు దొరికిన సెలవు అదొక్కటే. దాన్ని తేలిగ్గా తీసేస్తే ఊరుకోలేను. నిన్న నువ్వడిగావే, ఏమని చెప్పుకుంటే సెలవు దొరుకుతుందని. ఎంత ఆలోచించినా నాకు ఇదొక్కటే తోచింది. పొద్దున ఎలా చెప్పాలా అనుకుంటుంటే నీ అంతట నువ్వే వచ్చి గదిలో పడ్డావు.”

ఆమనికి ఆవిడ చేయి పట్టుకోవాలనిపించింది. కానీ ముట్టుకుంటే ఆవిడ మళ్ళీ తలస్నానం చేయాలి. గుమ్మం మీద, ఆవిడ పాదాలకి బెత్తెడు దూరంలో చేయి ఆనించి ఉంచింది. పుణ్యవతి ఆ చేతి వంక చూసి, పాదం వెనక్కి తీసుకోలేదు.

“ఏడవకు. పాపం, పిల్ల మీద పడుతున్నాయి కన్నీళ్ళు,” అంది.

ఆ తరవాతి రోజులు ఆమని జీవితంలో ఎన్నడూ ఎరగని రోజులు. ఒడిలో పిల్ల, ఎదురుగా పెట్టెలు, పక్కన రసజ్ఞ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగడం. కంప్యూటరు కూడా లోపలికే వచ్చేసింది. రొదకి పిల్ల అలవాటు పడిపోయి, పెట్టె కట్టేస్తే ఉలిక్కిపడి లేచేది. ఆదివారం ఒక్కటే సెలవనుకునే శ్యామ్ ఆఫీసుకి వెళ్ళేముందు కూరలు తరగడం నేర్చుకున్నాడు. బెండకాయ ముక్కలన్నీ కొలతేసినట్టు ఒక్కలా ఉన్నాయని వాళ్ళమ్మ మెచ్చుకుంది కూడా.

మధ్యమధ్య వంటింట్లోంచి పిలుపు వినిపించేది.

“ఆమనీ, ఉన్నావా?”

“ఉన్నానత్తయ్యా.”

“ఏం లేదు. తెనాలి పలికిందా?”

“పలికిందత్తయ్యా.”

“సరే. చదువుకో.”

పదకొండో రోజున పురోహితుడు పుణ్యాహవాచనం చేసి, మామిడాకుతో నీళ్ళు చల్లుకుంటూ ఇల్లంతా తిరిగి వెనక గదిలోకి వచ్చాడు. మంచం మీద చల్లాడు, గోడల మీద చల్లాడు. స్టాండు వైపు చేయి ఎత్తేసరికి పుణ్యవతి గబగబా ముందుకొచ్చి పట్టుచీర కొంగు రెండు చేతులా విప్పి పెట్టెలకి అడ్డంగా నిలబడింది.

“వాటి మీద వద్దండి. తడవకూడదు.”

“గదిలో ఉన్నవాటికీ శుద్ధి కావాలి కదమ్మా.”

“వాటి వంతు కూడా నా మీద చల్లేయండి.”

* * *

మర్నాడు మధ్యాహ్నం బేగంపేటలో పరీక్ష ముగించుకుని, చేతిలో కాగితంతో ఆమని రోడ్డు దాటి ఎస్టీడీ బూతులోకి వెళ్ళింది. ఒకసారి తప్పు నంబరు కొట్టింది. రెండోసారి అవతల ఫోనెత్తింది పుణ్యవతే.

“పాసయ్యానత్తయ్యా.”

అవతల ఏ చప్పుడూ లేదు. లైను తెగిపోయిందేమోనని ఆమనికి అనుమానం వచ్చింది.

“అత్తయ్యా, ఉన్నారా?”

“ఉన్నాను,” అంది పుణ్యవతి. “అయితే సోమవారం నుంచి మాదాపూరేనన్నమాట.”

“అవునత్తయ్యా.”

“పైన ఇంకా పరీక్షలున్నాయా?”

“చాలా ఉన్నాయి.”

“రసజ్ఞకి ఇప్పట్లో రెండోది వద్దు. ఇంకేదైనా మైల ఆలోచిద్దాంలే.”

ఆమని బూతు అద్దానికి తల ఆనించి నవ్వింది. బయట వరసగా నిలబడ్డవాళ్ళు అద్దంలోంచి తనని వింతగా చూస్తున్నారని తెలిసినా నవ్వు ఆగలేదు. ఇంతలో ఫోనులో దూరంగా, హాల్లోంచి మావగారి గొంతు వినిపించింది.

“పుణ్యం, పాలు పొంగిపోతున్నాయే.”

“పొంగనివ్వండి,” అంది పుణ్యవతి.